గాజువాక అమ్మకి: బాబు నిద్ర, ఆ సిరప్, మెలటోనిన్ గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. బాబుకి ఆరేళ్ళు, సిపి (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒంటి కదలిక పట్టు తప్పే సమస్య), కాళ్ళూ చేతులూ రెండూ బిగుతు, ఫిట్స్ కి లెవెటిరాసిటమ్ సిరప్ రెండు పూటలా వేస్తున్నారు, రాత్రి ఒంటిగంట దాకా పడుకోడు, పడుకున్నా మూడింటికల్లా ఏడుస్తూ లేచిపోతాడు, మీవారికి స్టీల్ ప్లాంట్ లో షిఫ్టులు, మందుల షాపతను ఇచ్చిన ప్రోమెథజిన్ సిరప్ మూడు వారాలుగా వేస్తే మొదట్లో పడుకున్నాడు గానీ ఇప్పుడు పనిచెయ్యట్లేదు, ఎవరో నిద్రకి వాడే మెలటోనిన్ గమ్మీలు (నమిలే జెల్లీ బిళ్ళలు) ఆన్ లైన్ లో దొరుకుతాయి అన్నారు, మీ అత్తగారేమో "గుంటడికి నిద్దర మందు అలవాటు సేస్తే రేపొద్దున్న ఏటైపోతాడో" అంటున్నారు. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. పిల్లల ఫిజియోథెరపిస్టుని, 21 ఏళ్ళ నుంచి వైజాగ్ లోనే ఇలాంటి పిల్లలతోనే నా పని, దానికి తోడు మా అక్క కొడుక్కి కూడా సిపి, వాడికిప్పుడు 17. కాబట్టి ఎన్ని మిల్లీగ్రాములు అన్నది మీ న్యూరాలజిస్టు గారే తేల్చాలి, ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలి, ఏం చెప్పాలి అన్నది మాత్రం నేను చెప్పగలను. ఓపీలో మనకి దొరికేది పది నిమిషాలు, అందులో "నిద్ర పోవట్లేదండీ" అని ఒక్క ముక్క చెప్తే ఆయన మాత్రం ఏం చేస్తారు, ఏదో ఒక నిద్ర మందు రాస్తారు.

మీరు ఒకటిగా చెప్పారు గానీ ఇక్కడ సమస్యలు రెండు. ఒంటిగంట దాకా నిద్ర పట్టకపోవడం ఒకటి, పట్టిన నిద్ర మూడింటికి తెగిపోవడం ఇంకోటి. మొదటిదానికి మెలటోనిన్ కొంత పనికొస్తుంది, రెండోదానికి పెద్దగా పనికిరాదు. ఇది నా సొంత పైత్యం కాదు, ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో మెండ్స్ అని ఒక ట్రయల్ చేశారు, 2012 లో వచ్చింది, మెదడు ఎదుగుదల సమస్యలున్న 146 మంది పిల్లల్ని తీసుకుని కొందరికి మెలటోనిన్, కొందరికి అలాగే కనిపించే, లోపల మందు లేని ఉత్తిది ఇచ్చి చూశారు. మెలటోనిన్ వేసుకున్న పిల్లలు 40 నిమిషాలు అటూ ఇటూగా ముందే పడుకున్నారు, బానే ఉంది, కానీ రాత్రంతా కలిపితే పెరిగిన నిద్ర 22 నిమిషాలే, ఎందుకంటే పొద్దున్న కూడా అరగంట ముందే లేచిపోయారు. ఇంకో సంగతి, ఆ ట్రయల్ లో మందు మొదలుపెట్టకముందు కొన్ని వారాలు తల్లిదండ్రుల చేత నిద్ర అలవాట్లు మార్పించి చూశారు, దాంతోనే సర్దుకున్న పిల్లలకి అసలు మందే ఇవ్వలేదు.

అందుకే బాబు రాత్రి మూడింటికి లేచి ఏడ్చే సంగతి ముందు మాట్లాడుకుందాం. నా అనుభవంలో మాట రాని పిల్లాడు అర్ధరాత్రి ఏడుస్తూ లేచాడంటే నిద్ర చెడిపోయి కాదు, ఏదో నొప్పో ఇబ్బందో లేపుతోంది.

పెందుర్తి వైపు నుంచి ఒక పాప వచ్చేది, ఏడేళ్ళు, రోజూ రెండున్నరకి లేచి ఏడుపు. అప్పటికే మూడు చోట్ల చూపించారు, మూడు చోట్లా నిద్ర మందులే, ఒక చోటైతే క్లోనజెపామ్ రాసి పంపేశారు, పాపని టేబుల్ మీద పడుకోబెట్టి కూడా చూడలేదట. మా దగ్గర డైపర్ మార్చేటప్పుడు వాళ్ళమ్మ ఎడమ కాలు పక్కకి తీస్తుంటే పాప ఏడవలేదు గానీ కుడిచెయ్యి గుప్పిట ఠక్కున బిగించేసింది, మొహం గోడ వైపు తిప్పేసుకుంది. కుడికాలు తీసినప్పుడు ఏం లేదు. మళ్ళీ ఎడమ తీస్తే మళ్ళీ గుప్పిట. ఎక్స్ రే తీయిస్తే ఎడమ తుంటి గిన్నెలోంచి సగానికి పైగా బయటికొచ్చేసి ఉంది. రాత్రి నిద్రలో పక్కకి ఒరిగినప్పుడల్లా ఆ పిల్లకి ఎలా ఉండుంటుందో ఆలోచించండి. దానికి ఆపరేషన్ అయ్యి, బిగుతుకి మందు సెట్ అయ్యి, నిద్ర ఒక దారికొచ్చేసరికి ఆరేడు నెలలు పట్టింది, మధ్యలో నిద్ర మందు దానంతటదే ఆగిపోయింది. మీ వాడు సొంతంగా కూర్చోగలడో లేదో మీరు రాయలేదు. సిపి లో నడవలేక, తల కూడా నిలపలేని పిల్లల్లో పది మందిలో తొమ్మిది మందికి దాకా తుంటి జరుగుతుందని ఆస్ట్రేలియా వాళ్ళ లెక్క ఉంది. తుంటి ఎక్స్ రే తీయించి ఏడాది దాటితే ఇప్పుడే తీయించండి. ఇది మాత్రం వాయిదా వెయ్యకండి.

తర్వాత మలబద్ధకం. నవ్వకండి, ఎంతమంది నిద్ర దీనివల్ల పోయిందో నేను చూశాను. మన పిల్లలు కదలరు, నీళ్ళు తక్కువ తాగుతారు, మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా మేక పెంటికల్లా వెళ్తారు, దాన్ని మనం "వాడికి అలవాటేలే" అనుకుంటాం. పైగా ప్రోమెథజిన్ లాంటి సిరప్ లు పేగుల్ని ఇంకా మందగింపజేస్తాయి. అంటే నిద్ర కోసం వేసిన మందే మలబద్ధకం పెంచి మూడింటికి లేపుతూ ఉండొచ్చు.

పుల్లటి తేన్పులు, గొంతులోకి ఎగదన్నడం ఉందేమో చూడండి. రాత్రి పాలు తాగించి వెంటనే వెల్లకిలా పడుకోబెట్టేస్తే, గంటా రెండు గంటల్లో వీపు విల్లులా వంచేసి ఏడుస్తారు, కొన్నిసార్లు దాన్ని ఫిట్స్ అనుకుంటాం. చివరి తిండి పడుకోవడానికి రెండు గంటల ముందు అయిపోవాలి, తలవైపు మంచం కాళ్ళ కింద చెక్కలు పెట్టి కాస్త ఎత్తు చెయ్యండి, ఒక్క తలగడ పెడితే మెడ వంగిపోతుంది తప్ప లాభం లేదు. పళ్ళు కూడా చూడండి. పుచ్చిపోయిన దవడ పన్నుకి నిద్ర మందు వేసిన ఇల్లు నాకు తెలుసు.

ఊపిరి. ఇది జాగ్రత్తగా చదవండి. బాబు గురక పెడతాడా, నోరు తెరిచి పడుకుంటాడా, గురక మధ్యలో ఠక్కున ఆగి, కొన్ని సెకన్లు చడీచప్పుడు లేకుండా ఉండి, మళ్ళీ ఒక పెద్ద ఊపిరి తీసుకుంటాడా, తల దగ్గర తలగడ తడిసిపోయేంత చెమటా? (వైజాగ్ లో మే నెలలో అందరికీ తడుస్తుందిలెండి, డిసెంబర్ లో కూడా తడిస్తే చెప్పండి.) ఇవి ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే కండలు చూపించాలి, అది తేలేదాకా మత్తు మందు ఏదీ వెయ్యకూడదు, ఎందుకంటే మత్తులో గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే లక్షణాలు ఉన్నా లేకపోయినా నాలుగేళ్ళ లోపే ఒకసారి నిద్ర పరీక్ష చేయించమని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్తుంది, చదివే వాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ఇక రాత్రి ఫిట్స్. రోజూ అదే టైముకి, అదే రకంగా లేచి, కళ్ళు ఒక వైపుకి పోయి, ఒళ్ళు బిగిసి, పక్క తడిపి, పొద్దున్న నీరసంగా ఉంటే అది మామూలు మెలకువ కాకపోవచ్చు. మాటల్లో వర్ణించాలని చూడకండి, ఫోన్ లో వీడియో తియ్యండి, మొహం, చేతులు రెండూ కనపడాలి, ముందు తియ్యండి తర్వాత ఎత్తుకోండి అని నేను చెప్తే కఠినంగా ఉంటుంది గానీ ఇరవై సెకన్ల వీడియో డాక్టర్ గారికి పది పేజీల కాగితాల కన్నా ఎక్కువ చెప్తుంది. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే మాత్రం వీడియో పక్కన పడేసి, డాక్టర్ గారు ముందే చెప్పి ఉంచిన మందు ఇచ్చి ఆసుపత్రికి పరిగెట్టడమే.

ఫిట్స్ మందులు కూడా నిద్రతో ఆడుకుంటాయి. లెవెటిరాసిటమ్ కొంతమంది పిల్లల్లో చిరాకు, మొండితనం, నిద్ర పట్టకపోవడం తెస్తుంది, గార్డినాల్ అయితే పెద్దవాళ్ళని జోగేలా చేస్తుంది గానీ చాలామంది పిల్లల్ని కుదురు లేకుండా చేసేస్తుంది, చొంగకీ ఒంటి మెలికలకీ ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా కొందరి నిద్ర లాగేస్తుంది. లెవెటిరాసిటమ్ మొదలుపెట్టిన నెలా, నిద్ర చెడిన నెలా ఒకటేనా అని వెనక్కి లెక్క వేసుకోండి. ఒకటే అయితే ఆ మాట డాక్టర్ గారికి చెప్పండి, అంతే. మీకు మీరు డోసు తగ్గించడం, ఒక పూట మానెయ్యడం అస్సలు వద్దు, ఫిట్స్ ఒక్కసారి తిరగబడ్డాయంటే ఆపడం కష్టం.

ఇంకొక్కటి, ఇది చవకైన పరీక్షే అయినా ఎవరూ రాయరు, ఫెరిటిన్. ఒంట్లో ఐరన్ నిల్వ తగ్గితే రాత్రిపూట కాళ్ళు కదుపుతూనే ఉంటారు, దుప్పటి తన్నేస్తారు, పక్కంతా తిరుగుతారు. రక్తం మామూలుగానే ఉందని రిపోర్ట్ వచ్చినా ఫెరిటిన్ 50 కి లోపు ఉండి కాళ్ళ కదలిక ఉంటే ఐరన్ ఇచ్చి చూస్తారు. ఐరన్ పాలతో, టీతో వెయ్యకూడదు, కొంచెం నిమ్మరసంతో మంచిది, మలబద్ధకం పెంచుతుంది కాబట్టి ముందు ఆ సంగతి సరిచేసుకోవాలి.

ఇప్పుడు మందుల సంగతి.

ఆ ప్రోమెథజిన్. అది ఎలర్జీకీ, వాంతులకీ ఇచ్చే మందు, మత్తు దాని సైడ్ ఎఫెక్ట్, ఆ సైడ్ ఎఫెక్ట్ నే మనం మందుగా వాడుకుంటున్నాం. కొన్ని రోజులకే ఒళ్ళు అలవాటు పడిపోతుంది, మీకు జరిగింది అదే, అప్పుడు అర చెంచా కాస్తా చెంచా అవుతుంది. కొందరు పిల్లలు దాంతో పడుకోకపోగా ఇంకా గంతులేస్తారు. ఊపిరి మందగిస్తుందని రెండేళ్ళ లోపు పిల్లలకి అసలు వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్డీఏ 2004 లోనే గట్టి హెచ్చరిక పెట్టింది. మీవాడు ఆరేళ్ళవాడే, కానీ ఫిట్స్ ఉన్నాయి, ఈ మందు ఫిట్స్ రావడాన్ని సులువు చేస్తుందని దాని లేబుల్ మీదే ఉంటుంది. షాపతన్ని తిట్టట్లేదు, మీరు అడిగారు అతను ఇచ్చాడు, కానీ బాబుకి ఫిట్స్ ఉన్నాయా అని అతను అడిగాడా?

ఇలాంటిదే ఇంకోటి, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసేటప్పుడు పిల్లల్ని పడుకోబెట్టడానికి ఇచ్చే ట్రైక్లోఫాస్ సిరప్. పరీక్ష కోసం ఒక్కసారి ఇచ్చేది అది, సీసాలో మిగులుతుంది, "ఆ రోజు ఎంత హాయిగా పడుకున్నాడో" అని గుర్తొస్తుంది, ఇంట్లో మొదలైపోతుంది. చెయ్యకండి.

మెలటోనిన్ వేరే జాతి మందు. చీకటి పడితే మెదడులో పీనియల్ గ్రంథి తయారు చేసే హార్మోనే అది, ఒళ్ళు మత్తెక్కించదు, "రాత్రయింది" అని ఒంటికి కబురు చెప్తుంది. మన పిల్లల్లో కొందరికి ఈ కబురు సరిగ్గా వెళ్ళదు. స్మిత్ మాగెనిస్ అనే ఒక అరుదైన జన్యు సమస్యలో అయితే మెలటోనిన్ పగలు ఎక్కువ, రాత్రి తక్కువ, అంతా తలకిందులు. ఆ పిల్లలకీ ఆటిజం పిల్లలకీ అని ప్రత్యేకంగా నెమ్మదిగా కరిగే చిన్న మాత్రని యూరప్ లో 2018 లో ఆమోదించారు. మనవైపు మామూలు మాత్రలే ఎక్కువ.

మీ డాక్టర్ గారు సరే అంటే మామూలుగా అర మిల్లీగ్రామో ఒకటో మిల్లీగ్రాములతో మొదలెట్టి, పడుకునే టైముకి అరగంట నుంచి గంట ముందు ఇచ్చి, ఒకటి రెండు వారాలు చూసి పెంచుతారు, చాలామందికి రెండు నుంచి ఐదు మధ్యలోనే సరిపోతుంది. మామూలు మాత్ర పొడి చేసి ఒక చెంచా పెరుగులో కలపొచ్చు, నెమ్మదిగా కరిగే రకాన్ని మాత్రం నలపకూడదు, నలిపితే ఆ నెమ్మది పోతుంది. మా సెంటర్ కొచ్చే తల్లులు ఎక్కువగా చేసే పొరపాటు ఏంటంటే మాత్ర వేసేసి ట్యూబ్ లైట్ కింద, చేతిలో ఫోన్ పెట్టి కూర్చోబెడతారు, ఆ వెలుతురు మెదడుకి ఇంకా పగలే అని చెప్తుంటే మాత్ర ఒక్కటీ ఏం చేస్తుంది. పొద్దున్న కాస్త బద్ధకం, తలనొప్పి కొందరికి ఉంటాయి. మొదట్లో బాగా పనిచేసి కొన్ని వారాలకి ఆగిపోతే అందరూ డోసు పెంచేస్తారు, కానీ కొంతమంది ఒంట్లో మెలటోనిన్ త్వరగా కరగదు, పగలంతా పేరుకుపోయి రాత్రికీ పగటికీ తేడా లేకుండా చేస్తుంది, వాళ్ళకి తగ్గిస్తేనే మళ్ళీ పనిచేస్తుంది. ఇది మీ వాడికి జరిగితే గుర్తుపెట్టుకుని అడగండి.

ఫిట్స్ పెంచుతుందేమో అన్న భయం పాతది, తర్వాత వచ్చిన ట్రయల్స్ లో అలా కనపడలేదు, అయినా ఫిట్స్ డాక్టర్ గారికి చెప్పకుండా మొదలెట్టకండి. మీ అత్తగారి భయానికి జవాబు ఏంటంటే, ఇది మత్తు మందులా అలవాటయ్యే రకం కాదు, కొన్ని నెలలకోసారి ఆపి, ఇంకా అవసరమా అని చూస్తారు కూడా. ఆవిడ అడిగింది తప్పేం కాదు, ఆ సిరప్ విషయంలో అయితే ఆవిడే కరెక్టు.

గమ్మీలు మాత్రం వద్దు. 2023 లో అమెరికాలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలు తీసుకుని పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటి కాదు, ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు, ఎక్కువలో ఎక్కువ ఉన్నదాంట్లో మూడు రెట్ల పైన ఉంది. పైగా చాక్లెట్ లా ఉంటాయి, ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉంటే డబ్బా ఖాళీ చేసేస్తుంది, మీ వాడికి మింగే ఇబ్బంది ఉంటే గొంతులో ఆ జిగురు ముక్క అడ్డం పడొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. క్లోనిడిన్ అసలు బీపీ మందు, కొందరు న్యూరాలజిస్టులు నిద్రకి చిన్న డోసులో ఇస్తారు, బీపీ పడిపోతుందేమో చూస్తూ వాడాలి, ఒక్కసారిగా ఆపకూడదు. క్లోనజెపామ్ ఫిట్స్ కోసం ఇస్తే అది వేరే లెక్క, నిద్ర కోసమే అయితే చొంగ పెరిగి, దగ్గే శక్తి తగ్గి, ఆ చొంగ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెచ్చుకున్న పిల్లల్ని చూశాను. బిగుతుకి ఇచ్చే బాక్లోఫెన్ లో ఎక్కువ భాగం రాత్రికి మారిస్తే కొందరు హాయిగా పడుకుంటారు, మీ వాడికి ఇది అడగదగ్గ ప్రశ్న, ఇదీ ఒక్కసారిగా ఆపకూడనిదే. నొప్పి వల్ల ఏడుస్తున్నాడని తేలితే గాబాపెంటిన్ కొందరికి ఇస్తారు. వీటిలో ఏదీ షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

ఇల్లు ఎలా ఉందన్నది కూడా సగం మందే. 2014 అక్టోబర్ లో హుద్ హుద్ వచ్చినప్పుడు మా అక్క వాళ్ళ వీధిలో వారం పైగా కరెంటు లేదు, టీవీ లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, ఆరున్నరకల్లా ఒక్క కొవ్వొత్తి. మా వాడు అప్పుడు పదకొండు దాటితే గానీ పడుకునేవాడు కాదు, మొదటి రెండు రాత్రులు ఉక్కకీ దోమలకీ మా ప్రాణం తీశాడు, నాలుగో రాత్రి ఎనిమిదిన్నరకి అక్క ఒళ్ళోనే తల వాల్చేశాడు, ఆ వారమంతా అదే. కరెంటొచ్చింది, హాల్లో టీవీ పెట్టాం, పది రోజుల్లో మళ్ళీ పదకొండు. అప్పుడు గానీ మాకు బుర్రకెక్కలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా వాళ్ళింట్లో ఏడున్నర దాటితే ఒక్క చిన్న పసుప్పచ్చ బల్బే.

మీ ఇంట్లో మీవారికి బి షిఫ్ట్ ఉన్న వారం బాబు ఇంకా ఆలస్యం చేస్తాడు కదూ? ఆయన రాత్రి పదిన్నరకి బండి ఆపిన చప్పుడు వింటే ఏ పిల్లాడు పడుకుంటాడు చెప్పండి, నాన్న కదా. ఆ వారం ఆయన లైటు వెయ్యకుండా, బాబుని లేపకుండా లోపలికొచ్చి, ముద్దులు పొద్దున్నకి దాచుకోవాలి. థెరపీ నుంచి వచ్చి సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పడుకునే అలవాటుంటే దాన్ని మధ్యాహ్నం మూడు లోపే అరగంట, గంటకి కుదించండి. పొద్దున్న ఎంత ఆలస్యంగా పడుకున్నా ఆరున్నరకల్లా లేపి బాల్కనీలో వెలుతుర్లో కూర్చోబెట్టండి, మనకి తూర్పు సముద్రం, ఎండ బేగి వస్తుంది, అది ఉచితంగా దొరికే మందు. రాత్రి కాళ్ళకి స్ప్లింట్లు (కాలు వంగకుండా పట్టి ఉంచే గట్టి తొడుగులు) వేస్తున్నారా? వేస్తే ఒక మూడు రాత్రులు తీసేసి చూడండి, లేవడం ఆగితే స్ప్లింట్ ఎక్కడో ఒరుసుకుంటోందన్నమాట, మీ థెరపిస్టుకి చూపించండి.

ఒక రూళ్ళ నోట్ బుక్ కొనండి. 14 రోజులు, రోజుకో గీత. పక్క ఎక్కించిన టైము, నిద్ర పట్టిన టైము, లేచిన టైము, లేచినప్పుడు ఏం చేశాడు, ఆ రోజు విరేచనం అయిందా, పగలు ఎంత పడుకున్నాడు, ఏ మందు ఏ టైముకి. అందంగా అక్కర్లేదు. అది, రెండు మూడు వీడియోలు, పాత తుంటి ఎక్స్ రే, ఇవి పట్టుకుని మీ న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, ప్రైవేటు భారమైతే వైజాగ్ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ లో పిల్లల విభాగానికి వెళ్ళండి, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. బాబుకి నిరామయ ఇన్సూరెన్స్ చేయించకపోతే చేయించండి, సిపి, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళది, ఏడాదికి లక్ష దాకా, ఓపీ మందులకీ థెరపీకీ కూడా వస్తుంది.

మీరు ఎప్పట్నుంచి నిద్రపోలేదో మీరు రాయలేదు, నాకు తెలుసు. వారంలో రెండు రాత్రులు మీవారో అత్తగారో బాబు పక్కన పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపేసుకుని, "వాడు నేను లేకపోతే ఉండడు" అనకుండా.

ఆ ప్రోమెథజిన్ సిరప్ ఇంక పెంచకండి, రేపు పొద్దున్నే మీ డాక్టర్ గారికి ఫోన్ చేసి, ఫిట్స్ ఉన్న పిల్లాడికి మూడు వారాలుగా ఇది వేస్తున్నానండీ అని చెప్పి ఎలా ఆపాలో కనుక్కోండి. ఆపిన మొదటి రెండు మూడు రాత్రులు ఇంకా గొడవ చెయ్యొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. సీసా పారెయ్యకండి, లేబుల్ ఆయనకి చూపించాలి.